దీవి మీది దీపము

చేవెళ్ల, మొయినాబాదు మెట్టచేల నడుమ నిలుచుండి సముద్రతీరపు దీపస్తంభమును గూర్చి వ్రాయుట పాఠకులలో కొందరికి వింతగా తోచవచ్చును. ఇచ్చటి వాననీరు మూసీ, ఈసీల వెంట సాగి కృష్ణలో గలిసి కడలి జేరుచున్నను, 2014లో రాష్ట్రము రెండయిన పిమ్మట తీరమంతయు ఆంధ్రప్రదేశముననే యుండిపోయినది. అయినను కాకినాడ యెదుట నున్న హోప్ దీవి దీపము కథ మనకును సంబంధించినదే యని మా యభిప్రాయము.

ఆ దీవి రాతినేల కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రును, ఇసుకను అలలు ప్రోగుచేయగా గడచిన రెండు శతాబ్దములలో ఏర్పడిన తిన్నె. సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డుగోడవలె నిలిచి కాకినాడ రేవును కాచుచున్నది. 1839 నాటి ఉప్పెనలో పొరుగున నున్న కోరంగి రేవు పాడుపడగా కాకినాడ తలయెత్తినది. పందొమ్మిదవ శతాబ్దముననే దీవిపై దీపస్తంభమును నిలిపిరి. తమాషా యేమనగా, స్తంభము కట్టినచోటనే యుండెను గాని దీవి ఉత్తరమునకు పెరుగుచు దానిని దాటిపోయెను! తుదకు వాకలపూడి యొద్ద తీరమున వేరొక దీపము వెలిగింపవలసి వచ్చినది.

ఆ రేవు దాటిపోయినవి ప్రత్తియు, నూనెగింజలును మాత్రమే కావు. గోదావరి, విశాఖ మండలముల బీదలు వేలకొలది రంగూను ఓడ లెక్కిరి. బర్మాలో తెలుగువారికి 'కోరంగీ'లను పేరు పడినది. రేవు పేరు జనుల పేరై, పిదప తిట్టుగా మారినది. 1930 మే నెలలో రంగూను రేవు కూలీలైన మనవారు కూలి పెంపునకై సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో బెట్టి, సమ్మె తీరగానే ఆ బర్మీయులను వెడలగొట్టిరి. ఇరువురును బీదలే, లాభము మూడవవానిది. చెలరేగిన కొట్లాటలో నూరుమందికి పైగా హతులైరి. 1942లో జపాను సేనలు రాగా ఓడలు దొరకనివారు కొండలు, అడవులు బడి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో కూలినవా రెందరో!

ఓడ తిన్నెకు తగులకుండ దొరతనము దీపము పెట్టెను. ఓడలోని కూలివాని ముందున్న చీకటిని గూర్చి దానికంత శ్రద్ధ లేకపోయెను.

నేడు రాత్రివేళ మొయినాబాదు వైపునుండి హిమాయత్ సాగరము ఆవలికి చూచినచో శంషాబాదు విమానముల దీపములు కానవచ్చును. 2008లో తెరచిన ఆ విమానాశ్రయమే సముద్రము లేని మనకు రేవు. కరీంనగరము, నిజామాబాదు పల్లెల యువకులు దుబాయి, మస్కట్టులకు ఎక్కునది అచ్చటనే. అప్పుచేసి దళారికి సొమ్ము చెల్లించి, తాము చదువలేని కాగితముపై వ్రేలిముద్ర వేసి పోవువారు వారిలో నున్నారు. గల్ఫులో మరణించినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయల సాయమును తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రకటించినది. మంచిదే. కాని యది శవము వచ్చిన పిమ్మటి మాట. ప్రయాణమునకు ముందే ఆ ఒప్పందమును తెలుగున చదివి వినిపించి, జీతమెంత, పని యేమి, పాసుపోర్టు ఎవరి చేతిలో నుండునని విప్పిచెప్పు గుమాస్తా నొకని ప్రతి మండల కచేరిలో నియమింపవలెనని మేము కోరుచున్నాము. విమానాశ్రయమునకు ఇంత చేరువ నున్న మొయినాబాదు, చేవెళ్ల కచేరీలలోనే ఈ పని మొదలిడవచ్చును. అందుకు కావలసినది ఒక బల్ల, రెండు కుర్చీలు, తెలుగు చక్కగా చదువగల మనిషి.