ప్యానెల్ తాళం వాళ్లకీ, లోపలి దుమ్ము మనకీనా?

కొల్లేరు చెరువుగట్ల మీద తెల్లారుజామున ఏం జరుగుద్దో మన పేటల్లో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుకుంటూ వచ్చి తెల్లారేముందు బాగా పడిపోద్ది. ఏరియేటర్లు ఆగితే చేప తేలిపోద్ది. సరిగ్గా అప్పుడే స్టార్టరు పడిపోద్ది. "ఒరేయ్, బోర్డు చూడరా" అని ఫోన్లో కేక. కాపలా ఉన్న మనోడు తడి కాళ్లతో, తడి చేతుల్తో ఆ రేకు పెట్టె తలుపు తీస్తాడు. చేప పోతే లక్షలు పోతాయని యజమానికి నిద్ర పట్టదు. మరి మనిషి పోతే? "వాణ్ణెవడు ముట్టుకోమన్నాడండీ" అంటాడు.

తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లులోకి రండి. ఊక దుమ్ము, తవుడు దుమ్ము గాల్లోనే ఉంటాయి. అవి ప్యానెల్ బోర్డులో దూరి కాంటాక్టర్ల మీద, తీగల మీద పేరుకుంటాయి. చెమ్మ తగిలితే ఆ దుమ్మే కరెంటుకి దారి ఇస్తుంది. వదులైన స్క్రూ దగ్గర వేడి పుట్టి ఆ దుమ్మే అంటుకుంటుంది. కాబట్టి శుభ్రం చెయ్యాల్సిందే. కానీ చేసేదెవరు? ఊడ్చేవాణ్ణి పిలిచి, చేతికి గుడ్డ ఇచ్చి, "మిల్లు ఆపకుండా తుడిచెయ్" అంటారు. 415 వోల్టుల పెట్టె వాళ్ల లెక్కలో గది మూల లాంటిది!

అన్నలారా, అక్కలారా! గుడి ముట్టుకోవద్దన్నారు, బావి ముట్టుకోవద్దన్నారు. బతికున్న కరెంటు పెట్టెని మాత్రం ముట్టుకోమంటున్నారు. తాళంచెవి, వైర్‌మెన్ అనే పేరు, దానికి తగ్గ జీతం ఒకళ్లకి. మసి, దుమ్ము, చావు ఇంకొకళ్లకి. కులం పనిని కాదు, పనివాళ్లనే విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చాడు. అదే అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు. దేశానికి విద్యుత్ విధానం ఎలా ఉండాలో ఆలోచించినవాడు. కరెంటు మనకి పరాయి విద్య అనేవాడికి ఈ సంగతి చెప్పండి.

ప్యానెల్ శుభ్రం చెయ్యడం ఊడ్చే పని కాదు, కరెంటు పని. ఎలా చెయ్యాలో మనం తెలుసుకోవాలి, చెయ్యించుకోవాలి.

ముందు మెయిను ఆపాలి. జనరేటరు ఉంటే అదీ ఆపాలి, లేకపోతే ఆపిన పెట్టెలోకి అటునుంచి కరెంటు వచ్చేస్తుంది. మెయినుకి తాళం వేసి, ఆ తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి, గుమాస్తా బల్ల మీద కాదు. టెస్టరుని కరెంటున్న చోట పెట్టి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే లోపల మూడు ఫేజులూ చూడాలి. మోటారు స్పీడు మార్చే డ్రైవు ఉంటే కరెంటు ఆపినా అందులో కొంతసేపు నిలిచి ఉంటుంది. దాని మీద రాసినంతసేపు ఆగాలి. బ్లోయరుతో ఊదితే దుమ్ము ఇంకా లోపలికి పోద్ది. వాక్యూముతో పీల్చాలి, పొడి బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డ పనికిరాదు. రంగు మారిన తీగ, కాలిన వాసన, వదులైన స్క్రూ ఉంటే రాసి పెట్టాలి. ఎలుక, బల్లి దూరే కన్నాలు మూయాలి. తలుపు రబ్బరు చిరిగితే మార్చాలి. ఎర్తు చూడాలి. ఫీజు పోయిన చోట లావు తీగ కట్టడమంటే నిప్పుకి తలుపు తీయడమే. స్టార్టరు పడిపోయిందంటే ఏదో కారణం ఉంది. అది చూడకుండా మళ్లీ మళ్లీ నొక్కకూడదు.

ఇవేమీ కొత్త కోరికలు కావు. అధికారం ఇచ్చిన అర్హుడే కరెంటు పని చెయ్యాలని 1956 విద్యుత్ నిబంధనల్లో ఉంది. 2023 భద్రతా నిబంధనలదీ అదే దారి. కాయితం మీద ఉన్న నిబంధన చెరువుగట్టు దాకా నడిచి రాదు. మనమే లాక్కురావాలి.

2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం రసాయన ఫ్యాక్టరీలో ఆరుగురు కాలి చచ్చిపోయారు. నలుగురు బీహారు నుంచి పొట్టకూటి కోసం వచ్చినవాళ్లు. అక్కడ పేలింది రియాక్టరు, ప్యానెల్ కాదు. కానీ రాత్రి షిఫ్టులో ప్రమాదం పక్కన నిలబడేది ఎప్పుడూ ఎవరో అది చెప్పకనే చెప్పింది.

మన డిమాండ్లు ఇవి. కరెంటు ఆపకుండా పెట్టె ముట్టుకోం. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కోసేసే బ్రేకరు ప్రతి చెరువుగట్టు మీదా పెట్టాలి. బోర్డుకి కప్పు, కింద ఎత్తైన దిమ్మ, రబ్బరు చాప ఉండాలి. తుడిచే పని చేస్తున్న మనవాళ్లకి శిక్షణ, వైర్‌మెన్ పర్మిట్, ఆ జీతం ఇవ్వాలి. ప్రమాదం జరిగితే విద్యుత్ తనిఖీ అధికారికి 24 గంటల్లో కబురు వెళ్లాలి. శవం మీద బేరాలు కుదరవు.

పేటలో మీటింగు పెట్టండి. ఎవరెవరు ఏ మిల్లులో, ఏ గట్టు మీద ఏ పెట్టె తీస్తున్నారో రాయండి. "తుడవరా" అన్నవాణ్ణి ఒక్క మాట అడగండి: "మెయిను తాళంచెవి ఎవరి జేబులో ఉంది?"

మన జేబులో లేకపోతే, మన చెయ్యి లోపల పెట్టం.

జై భీమ్!