ఫ్లోరెన్సు పోవువారు ప్రాటో కూడ చూచి రావలెను

మన నేతవృత్తివారిలో విదేశములు చూచి వచ్చువారు ఇప్పుడు అరుదు కారు. 2023 జూన్ నెలలో ఇటలీలోని మిలాను నగరమున జరిగిన అంతర్జాతీయ వస్త్రయంత్ర ప్రదర్శనకు మన దేశమునుండి పలువురు వెళ్లి వచ్చిరి. అట్టి ప్రయాణములలో యంత్రములు చూచుట రెండుమూడు దినముల పని. తక్కిన దినములు రోము, ఫ్లోరెన్సు, పీసా చూచుటకు పోవును. వంగిన గోపురమునకు చేయి ఆన్చినట్లు ఫొటో తీయించుకొని, తోలుసంచులు కొనుక్కొని తిరిగి వత్తురు. కష్టపడి సంపాదించినవాడు నాలుగు ఊళ్లు చూచుట మంచిదే. మేము దానిని తప్పుపట్టుట లేదు. కాని ఫ్లోరెన్సు దాకా పోయి, అరగంటైనా పట్టని రైలుప్రయాణపు దూరములో ఉన్న ప్రాటోను చూడకుండ వచ్చుట మాత్రము నేతవానికి తగదని మా అభిప్రాయము.

ప్రాటో అనగా మన షోలాపూరు, మన భివండీ వంటి ఊరు. అక్కడ చిత్రములు, దేవాలయములు లేకపోలేదు. కాని ఆ ఊరికి పేరు తెచ్చినది బట్ట. ఫ్లోరెన్సులోని సాంతా మారియా నొవెల్లా స్టేషనునుండి ప్రాటోకు రోజంతయు రైళ్లుండును. ఎక్కవలసినది ప్రాంతీయ రైలు. వేగపు రైళ్లు సాధారణముగా అక్కడ ఆగవు. ముందుగా సీటు రిజర్వు చేయవలసిన పని లేదు. కాగితపు టికెట్టు కొన్నచో రైలెక్కుటకు ముందే ప్లాట్‌ఫారము వద్దనున్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకొనవలెను. మరచినచో జరిమానా తప్పదు. ఆ ఊరిలో ప్రాటో సెంత్రాలె అను పెద్ద స్టేషను, పోర్తా అల్ సెర్రాల్యో అను చిన్న స్టేషను కలవు. పిస్తోయా, లుక్కా వైపు పోవు రైలెక్కి చిన్న స్టేషనులో దిగినచో పాత ఊరు దగ్గర. ఇటలీలో అనేక ప్రదర్శనశాలలు సోమవారమున మూసియుండును గనుక ఆ దినము వదలి, వేళలు ముందే విచారించుకొని పోవుట మేలు. రైల్వేవారి సమ్మెలు కూడ అక్కడ తరచుగా జరుగును. పనిదినములలో ఉదయము 6 నుండి 9 వరకు, సాయంత్రము 6 నుండి 9 వరకు సమ్మెలోను ప్రాంతీయ రైళ్లు కొన్ని నడపవలెనను ఏర్పాటు ఉన్నది. ఇది జ్ఞాపకముంచుకొన్నచో దారిలో చిక్కుపడరు.

ఇక అక్కడ చూడవలసినదేమి? మొదటిది చింకిపాతల సంగతి. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమునుండి ప్రాటోవారు లోకము పారవేసిన ఉన్నిబట్టలను తెచ్చి, చింపి, దువ్వి, మరల నూలుగా వడికి కొత్త బట్ట నేయుచున్నారు. పాతలను రంగురంగులుగా చేతితో ఏరుటలో ఆరితేరినవారు అక్కడ ఉన్నారు. బొత్తాములు, లోపలి గుడ్డలు తీసివేసి, ఎరుపు ఎరుపులో, నీలము నీలములో వేయుదురు. ఇట్లు ఏరుటవలన చాలవరకు మరల రంగు వేయు ఖర్చే తగ్గును. ఈనాడు లోకమంతయు దీనిని గొప్ప పర్యావరణ విధానమని మెచ్చుకొనుచున్నది. వారు మొదలుపెట్టినది మాత్రము పొట్టకూటికొరకే. మన సాంచాల క్రింద ప్రతి దినము పడు నూలుపోగులు, అంచుముక్కలు ఏ ధరకు పోవుచున్నవో మన యజమానులు ఒకసారి లెక్క చూచుకొందురు గాక.

రెండవది అక్కడి వ్యాపారపు కట్టుబాటు. రెండవ ప్రపంచయుద్ధము తర్వాత అక్కడి పెద్ద మిల్లులు విడిపోయినవి. అనేకచోట్ల మగ్గములు కార్మికుల చేతికే వచ్చినవి. వారు ఇంటిప్రక్కనే షెడ్డు వేసుకొని మజూరీకి నేయసాగిరి. ఇంపన్నతోరె అనువాడు ఆర్డరు తెచ్చి, నూలు ఒకరికి, నేత ఒకరికి, రంగు ఒకరికి, ముగింపుపని ఇంకొకరికి ఇచ్చి సరుకు తయారు చేయించును. ఇది చదువుచుండగా మనవారికి సేటు, ఆసామి, కార్మికుడు జ్ఞాపకము రాక మానరు. పద్ధతి ఒకటే. భేదమెక్కడనగా, అక్కడ చిన్నవారు అవసరము వచ్చినప్పుడు కలసినారు. ఉదాహరణకు రంగునీటి విషయము. పురపాలక సంఘము, పారిశ్రామికుల సంఘము కలసి నీటిని శుద్ధిచేయు ఏర్పాటు చేసి, శుద్ధమైన నీటిని వేరుగొట్టముల ద్వారా మరల కర్మాగారములకే ఇచ్చుచున్నవి. ఒక్కొక్క డైయింగు యజమాని విడివిడిగా ఇట్టి పని చేయగలడా? మనలో నోటీసు వచ్చిన దినమున మాత్రమే సంఘము గుర్తుకు వచ్చును.

మూడవది ప్రదర్శనశాల. ఊరి పాత కోటగోడల లోపలనే కాంపోల్మి అను పందొమ్మిదవ శతాబ్దపు మిల్లు ఉన్నది. దానిని కూలద్రోయక, పొగగొట్టముతో, బాయిలరుతో సహా నిలబెట్టి, 2003నుండి అందులో వస్త్రప్రదర్శనశాల నడుపుచున్నారు. అదే ఆవరణలో పట్టణ గ్రంథాలయము కూడ పెట్టినారు. నేతగాని పిల్లవాడు తన తాత చెమటోడ్చిన చోటనే కూర్చుండి పుస్తకము చదువవచ్చును. అదే ఊరిలో ఫ్రాంచెస్కో దాతీనీ అను ఉన్నివర్తకుడు ఉండెను. అతడు 1410లో మరణించెను. అతని లెక్కపుస్తకములు అయిదువందలకు పైగా, ఉత్తరములు సుమారు లక్షాయాబదివేలు నేటికిని భద్రముగా ఉన్నవి. ఆరువందల ఏండ్లనాటి వర్తకుడు ఏ నూలు ఏ ధరకు కొనెనో వారు చెప్పగలరు. షోలాపూరులో 1877లో స్థాపింపబడిన జూనీ మిల్లులో మన తాతలు ఏ కూలికి పనిచేసిరో మన పిల్లలలో ఎందరు చెప్పగలరు?

ఇంతవరకు చెప్పినవి మెచ్చుకొనవలసినవి. భయపడవలసినది ఒకటి కలదు. అదియే ఈ నాలుగు మాటలు వ్రాయుటకు ముఖ్యకారణము. 1990 ప్రాంతమునుండి చైనాదేశపు వలసకార్మికులు ప్రాటోకు వచ్చి, చౌకదుస్తుల కుట్టుపని చేపట్టిరి. పలుచోట్ల పనిచేసిన చోటనే వండుకొని, అక్కడనే నిద్రించెడివారు. 2013 డిసెంబరు 1వ తేదీ ఆదివారమున అట్టి యొక కర్మాగారమునకు నిప్పంటుకొని ఏడుగురు మరణించిరి. పైన నిద్రగదులు, క్రింద బట్టల గుట్టలు, కిటికీకి కడ్డీలు. ఆ తర్వాతనే అక్కడి ప్రాంతీయ ప్రభుత్వము కర్మాగారములను ఒక్కొక్కటిగా తనిఖీ చేయించు ప్రత్యేక ప్రణాళిక ఆరంభించినది.

దూరదేశపు సంగతియని చదివి ప్రక్కన పెట్టుదమా? 2025 మే 18వ తేదీ, అదియు ఆదివారమే, తెల్లవారుజామున షోలాపూరు అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడలో ఒక టవల్ కర్మాగారము అంటుకొని ఎనిమిదిమంది మరణించిరి. అందులో యజమాని, ఆయన కుటుంబీకులు, పనివారు ఉన్నారు. నిప్పుకు సేటు ఎవడో, కూలి ఎవడో తెలియదు. నూలు, దూది, టవళ్లు నిండిన షెడ్డుమీద మనుషులు నిద్రించుట అక్కడా ప్రమాదమే, ఇక్కడా ప్రమాదమే.

కొందరు మాతో ఇట్లనవచ్చును: ఇవన్నియు ఫోనులో చూడవచ్చును గదా, డబ్బు పెట్టి పోవుట ఎందుకని. పోనివారిని పొమ్మని మేము చెప్పుట లేదు. ఎట్లును ఫ్లోరెన్సు పోయినవాడు ఒక్కపూట, కొద్దిపాటి టికెట్టు ఖర్చుతో పోయిరమ్మని చెప్పుచున్నాము. చేతితో తాకి చూడక నూలు నాణ్యము తెలియదని మనకు ఎవరును చెప్పనక్కర లేదు. మరికొందరు, అక్కడి పెట్టుబడి వేరు, ప్రభుత్వము వేరు అందురు. నిజమే. కాని పనివాడు పడుకొను గదికి రెండవ తలుపు పెట్టించుటకు ఇటలీ ప్రభుత్వము కావలెనా?

కావున మా మనవి ఇది. ఇకమీదట ఇటలీ పోవు సభ్యులు ఒక పూట ప్రాటోకు కేటాయింతురు గాక. వీలైనచో ఇంట్లో మగ్గపుపని నేర్చుకొనుచున్న కొడుకునో కూతురునో వెంట తీసుకొని పోవలెను. తిరిగివచ్చిన పిదప చూచినది ఒక్క పుటలో వ్రాసి ఈ పత్రికకు పంపవలెను. అచ్చువేయు బాధ్యత మాది. ఇటలీ పోలేనివారు చేయవలసినది అంతకన్న సులభము. ఈ రాత్రి మగ్గములు ఆపిన తర్వాత తమ షెడ్డులో ఎవరు ఎక్కడ పడుకొనుచున్నారో, బయటికి దారి ఎన్ని తలుపులలో ఉన్నదో, ఆ తలుపులకు తాళము ఎవరి చేతిలో ఉన్నదో ఒక్కసారి పోయి చూడవలెను. దానికి రైలుటికెట్టు అక్కరలేదు.