రోడ్డుకీ డొంకకీ ఒకటే బండి

మూడు వారాలుగా మా ఇంట్లో భోజనాల దగ్గర ఒకటే గొడవ. పాత మోటార్‌సైకిల్ కొనాలట. అది రోడ్డు మీదా నడవాలి, కొండల్లో మట్టిదారుల్లోనూ నడవాలి, పైగా డెబ్బైల నాటిదో ఎనభైల నాటిదో అయ్యుండాలి. ఇలాంటివాటిని ఇక్కడ డ్యూయల్ స్పోర్ట్ అంటారు. ఆ రోజుల్లో అయితే ఎండ్యూరో అనేవారట. మా ఆయనకి ఒకటి నచ్చింది, మావాడికి ఇంకోటి నచ్చింది. పప్పు వడ్డిస్తూ వింటున్న నన్ను మాత్రం ఇద్దరూ అడగలేదు. అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, "సేవింగ్స్‌లో ఎంతుంది?" అని.

మేముండేది డెన్వర్ పక్కన అరోరాలో. పడమటికి చూస్తే కొండలే. ఆ కొండల నిండా పాత గనుల దారులు, ఎప్పుడో రైలు పట్టాలు పీకేసిన దారులు. కారు వెళ్లలేని చోటికి, నడిస్తే రోజంతా పట్టే చోటికి ఇలాంటి బండి మీద హాయిగా వెళ్లొచ్చంటారు. కాదనను. కానీ బండి ఎంచుకునే పద్ధతి దగ్గరే మా వాళ్లతో నాకు పేచీ. ఎన్ని సీసీలు, ఏ కంపెనీ, ఏ రేసులో గెలిచింది అని మొదలుపెడతారు. ఇంట్లో ఎవరు తోలతారు, ఎవరు కిక్కు కొట్టగలరు అన్నది చివరికి కూడా రాదు. నా మటుకు నేను అక్కడే మొదలుపెట్టాలంటాను.

మా ఆయనకి కావాల్సింది యమహా డీటీ 250. టూ-స్ట్రోక్. దీని కథ కొంచెం చెప్పాలి. 1968లో యమహా వాళ్లు డీటీ-1 అని 246 సీసీ బండిని అమెరికా మార్కెట్ కోసం దించారు. అంతకుముందు మట్టిలో తోలాలనుకునేవాళ్లు బరువైన రోడ్డు బళ్లకే సైలెన్సర్ పైకి ఎత్తి, టైర్లు మార్చి నెట్టుకొచ్చేవారు. లైట్లూ నంబరు ప్లేటూ ఉండి, ఇంటి నుంచి తోలుకుంటూ వెళ్లి అడవిలో తిరిగి మళ్లీ తోలుకుంటూ ఇంటికి రాగలిగిన తేలికైన బండి, అదీ మామూలు జనం కొనుక్కోగలిగింది, ఇదేనని అందరూ ఎగబడ్డారు. దాని వెనకే సుజుకి, హోండా, కవాసాకీ అందరూ దిగారు. డీటీ 250 ఆ వంశమే.

కానీ మా ఆయన మనసులో ఉన్నది ఆ చరిత్ర కాదు. మా మామయ్యగారి రాజ్‌దూత్. అదీ టూ-స్ట్రోకే, 175 సీసీ. తెల్లారుజామున పాలక్యాన్లు కట్టుకుని ఊళ్లోంచి వెళ్లే చప్పుడు, ఆ నూనె పొగ వాసన. మామయ్యగారు పోయి రెండేళ్లయింది. ఆ బండిని తుక్కు కింద అమ్మేశామని ఫోన్‌లో విన్నరోజు ఈయన ఏమీ అనలేదు, గరాజ్‌లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. అందుకే డీటీ గురించి మాట్లాడేటప్పుడు నేను కొంచెం మెత్తగానే మాట్లాడాను.

మావాడికి పంతొమ్మిదేళ్లు. వాడికి యమహా ఎక్స్‌టీ 500 కావాలి. ఎందుకంటే 1979లో మొట్టమొదటి పారిస్-డకార్ రేసు గెలిచింది ఆ బండే, సిరిల్ నెవూ అనే కుర్రవాడు దాని మీద సహారా దాటాడు. మళ్లీ మరుసటి ఏడూ అతనే, అదే బండి. గోడకి పోస్టర్ అంటించాడు. సరే, సహారా దాటిన బండి మా అరోరా కాస్ట్‌కో దాకా వెళ్లదా అంటాడు.

వెళ్తుంది. ముందు స్టార్టవ్వాలి కదా! ఒకే సిలిండరు, 499 సీసీ, బటన్ స్టార్ట్ లేదు. చేతిదగ్గర కంప్రెషన్ వదిలే మీట ఒకటి, పిస్టన్ సరైన చోటుకి వచ్చిందో లేదో చూసుకోవడానికి ఇంజన్ తలమీద చిన్న గాజు కిటికీ ఒకటి పెట్టారంటే ఆ కిక్కు ఎంత మర్యాదగా కొట్టాలో మీరే ఊహించుకోండి. తప్పు కొడితే తిరిగి తంతుంది. మా అన్నయ్య చిన్నప్పుడు పక్కింటివాళ్ల బుల్లెట్ కిక్కు తన్ని నెల రోజులు కుంటాడు, నాకు గుర్తే.

ఇక నా సంగతి. నవ్వకండి. నాకు బళ్లు తెలుసు. కృష్ణా జిల్లాలో మా ఊళ్లో మా నాన్న టీవీఎస్ 50 మీద నేను ఇంటర్ చదివే రోజుల్లో రెండేళ్లు తిరిగాను. పొద్దున కాలేజీకి తారురోడ్డు మీద, సాయంత్రం పచ్చగడ్డి మోపు ముందేసుకుని కాలువ గట్టు మీద, వానాకాలంలో చక్రం సగం దిగబడే డొంకలో. రోడ్డుకి ఒక బండి, డొంకకి ఒక బండి అన్న మాటే మాకు తెలియదు. దిగబడితే దిగి తోసేదాన్ని, పడితే లేపి నిలబెట్టేదాన్ని. పెళ్లయ్యాక మళ్లీ హ్యాండిల్ పట్టలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు కూడా. ఇరవై నాలుగేళ్లు అలాగే జరిగిపోయాయి.

కాబట్టి నా లెక్క ఇది. మట్టిలో ఎవరైనా పడతారు. పడ్డ బండిని ఒంటరిగా లేపి నిలబెట్టగలగాలి, వాలుగా ఉన్న చోట కాలు నేలకి ఆనాలి, ఆగిపోతే అలసిన కాలితో మళ్లీ కిక్కు కొట్టగలగాలి. ఈ మూడూ ఇంట్లో అందరికంటే చిన్నదానికి, అంటే నాకు, కుదిరితే మిగతా ఇద్దరికీ కుదిరినట్టే. అలా చూసుకుంటూ పోతే నాకు దొరికింది హోండా ఎక్స్‌ఎల్ 185ఎస్. 1979 నుంచి కొన్నేళ్లు అమ్మారు. ఫోర్-స్ట్రోక్, తేలిక, పెట్రోల్‌లో నూనె కలిపే పని లేదు.

మా ఆయన వెంటనే అడ్డుపడ్డారు. "ఈ ఎత్తులో 185 సీసీ ఏం లాగుతుంది?" అన్నారు. మంచి ప్రశ్నే. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. వచ్చిన కొత్తలో కందిపప్పు ఎంతకీ ఉడక్కపోతే పప్పు పాతదేమో అని షాపు మార్చినదాన్ని నేను. గాలి పల్చన అయితే కుక్కర్‌కి ఏమవుతుందో కార్బురేటర్‌కీ ఏదో ఒకటి అవ్వాలిగా. గాలి తగ్గుతుంది, పెట్రోల్ మాత్రం అంతే వస్తుంది, బండి ఉక్కిరిబిక్కిరవుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. లోపలి జెట్ తీసి చిన్న సైజుది వేయాలి. అయినా బలం తగ్గకుండా ఉండదు, ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం చొప్పున పోతుంది. పదకొండు వేల అడుగులు ఎక్కితే మూడోవంతు పోయినట్టే. ఆయన చెప్పింది నిజం.

కానీ ఆ దారుల్లో మనం వెళ్లేది గంటకి పదిహేను, ఇరవై మైళ్లు. ముందు స్ప్రాకెట్‌కి ఒక పన్ను తక్కువది వేస్తే మొదటి గేరు ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా లాగుతుంది. అప్పుడు హైవే మీద వేగం ఇంకా తగ్గుతుంది. దానికీ నేను సిద్ధమే. అసలు ఐ-70 మీద లారీల మధ్య, డ్రమ్ము బ్రేకులతో, మట్టి టైర్లతో నలభై ఏళ్ల బండి ఏదైనా సరే నాకు ఒప్పుకోలు కాదు, అది ఐదొందల సీసీ అయినా. గుబ్బల టైరు మట్టిని పట్టుకున్నట్టు తారుని పట్టుకోదు, తడిరోడ్డు మీద మరీ. అన్ని రోడ్లకీ పనికొచ్చే బండి అని అమ్మేవాళ్లు అంటారు గానీ, అది అన్నిచోట్లా కొంచెం కొంచెం రాజీపడిన బండి. ఊళ్లో చిన్న రోడ్లు, కౌంటీ రోడ్లు, మట్టిదారి, అంతవరకు. దూరమైతే పికప్‌లో ఎక్కించుకుని పోదాం అన్నాను. మావాడు "అమ్మా, అది చీటింగ్" అన్నాడు. ఎడ్లబండి మీద నాగలి వేసుకెళ్లడం చీటింగ్ అయితే ఇదీ చీటింగే.

సరే, చూడ్డానికి ఎలాగూ వెళ్లాం, మూడూ చూశాం.

డీటీ అమ్మే ఆయన మేం వెళ్లేసరికే స్టార్ట్ చేసి ఉంచాడు. మా ఆయన ఆ పొగ వాసనకి కళ్లు మూసుకున్నారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. పాత బండి కొనేటప్పుడు చల్లటి ఇంజన్ మీదే స్టార్ట్ చేయించుకోవాలి, ముందే వేడెక్కించి పెట్టారంటే చేప మొప్పలకి ఎర్రరంగు పూసినట్టే. టార్చి వేసి ట్యాంకులోకి చూస్తే లోపలంతా తుప్పు. అన్నిటికంటే పెద్దది, టైటిల్ లేదు. రాసిచ్చిన రసీదు ఒక్కటే ఇస్తానన్నాడు. ఇది మీలో ఎవరి ఇంట్లోనైనా జరగబోతుంటే గట్టిగా పట్టుకోండి. టైటిల్ కాగితం లేని బండిని రోడ్డుకెక్కించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి, దొంగబండి అయితే అంతే సంగతులు. కాగితం మీద నంబరూ ఫ్రేమ్ మీద నంబరూ అక్షరం అక్షరం సరిపోవాలి. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన మౌనంగా ఉన్నారు. నేనూ ఏమీ అనలేదు. టూ-స్ట్రోక్‌లో నూనె పంపు ఆగిపోతే ఇంజన్ బిగుసుకుపోతుంది అన్న పాయింటు నా దగ్గర ఇంకా మిగిలే ఉంది, కానీ ఆ పూట దాన్ని బయటికి తీయాలనిపించలేదు.

ఎక్స్‌టీ 500 నిజంగా అందమైన బండి. కాగితాలన్నీ బాగున్నాయి. మావాడు పద్నాలుగు సార్లు కొట్టాడు. పదిహేనోసారి అది తిరిగి కొట్టింది. పిక్క మీద గుడ్డంత లేచింది. అమ్మే పెద్దమనిషి మంచివాడు, "అలవాటవడానికి నాకు ఏడాది పట్టింది" అని చెప్పాడు. వాడు ఇంకా ఇదే కావాలన్నాడు, కుంటుకుంటూ.

మధ్యలో ఎక్స్‌ఎల్ 250ఎస్ కూడా ఒకటి కనబడింది, ధర తక్కువ. మా ఆయన ఆశపడ్డారు. 1978 నుంచి 1981 దాకా వచ్చిన ఆ మోడల్‌కి ముందు చక్రం 23 అంగుళాలు. మామూలుగా ఈ జాతి బళ్లకి 21 ఉంటుంది. 23కి టైర్లు దొరకడమే గగనం. పాత బండిలో చవక ఎక్కడ కనబడితే అక్కడ ఏదో దొరకదని అర్థం, మా అనుభవంలో.

మూడోది 185. ఇంజన్ చల్లగా ఉంది, చెయ్యి పెట్టి చూశాను. ముందు ఫోర్కుల దగ్గర నూనె కారిన జాడ ఉంది, సీల్సు మార్చుకోవాలి. లైటు దీపంబుడ్డిలా ఉంది, చీకటి పడ్డాక దీన్ని బయటికి తీయకూడదు. టైటిల్ ఉంది, నంబర్లు కలిశాయి. "నువ్వే కొట్టు" అన్నారు మా ఆయన, కొంచెం ఎగతాళిగా. చోక్ లాగి, రెండో కిక్కుకి స్టార్టయింది. కూర్చుంటే మడమలు ఆనలేదు గానీ మునివేళ్లు రెండువైపులా ఆనాయి, కొంచెం జరిగితే ఒక పాదం పూర్తిగా. ఆ చప్పుడు తొడల కింద తెలిసేసరికి ఇరవై నాలుగేళ్ల కిందటి కాలువ గట్టు వాసన వచ్చింది, ఏం చెప్పను.

డబ్బు సంగతి. బండికి పక్కన పెట్టింది రెండువేల డాలర్లు. అందులోంచే హెల్మెట్లు, చీలమండ దాటిన బూట్లు, గ్లవ్స్, మోకాలి కవచాలు రావాలన్నాను. మిగిలినదానికే బండి. ఈ రాష్ట్రంలో 18 దాటితే హెల్మెట్ పెట్టుకోకపోయినా చట్టం అడగదు. "చట్టమే అడగట్లేదు కదమ్మా" అన్నాడు మావాడు. చట్టం వాడిని కనలేదుగా. ఈ విషయంలో ఆయన నా వైపు నిలబడ్డారు, మారు మాట్లాడకుండా. 185 ధర తక్కువ కాబట్టే ఈ లెక్క సరిపోయింది. ఐదొందలది కొనుంటే ముగ్గురికీ కలిపి ఒక్క హెల్మెట్ వచ్చేది.

పోయిన నెల రెండ్రోజుల శిక్షణకి నేనూ మావాడూ కలిసి వెళ్లాం. నా లైసెన్సు మీద ఎం అని పడింది. బండి టైటిల్ కూడా నా పేరు మీదే రాయించాం. వచ్చే వారం పికప్ అడిగి పెట్టుకున్నాం, 285 మీదుగా కోమో దాకా వెళ్లి, అక్కడినుంచి బోరియస్ పాస్ ఎక్కాలని. ఒకప్పుడు సన్నపట్టాల రైలు నడిచిన దారి కాబట్టి ఎత్తు 11,482 అడుగులైనా వాలు మెల్లగానే ఉంటుందట. మా ఆయన గరాజ్‌లో జెట్లు మారుస్తున్నారు. ఫోర్-స్ట్రోక్‌కి వాసనే ఉండదని గొణుక్కుంటూనే, రేడియోలో ఘంటసాల పెట్టుకుని మరీ మారుస్తున్నారు.

నిన్న రాత్రి అంట్లు సర్దుతుంటే మావాడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఆదివారం పైకి ఎక్కేటప్పుడు నువ్వు తోలతావా, నేనా?"

"ఎక్కేటప్పుడు నేను. దిగేటప్పుడు నువ్వు. ముందు ఆ గిన్నెలు తుడిచి పైన పెట్టు" అన్నాను.