ఆటయందలి హెచ్చరిక

పిల్లలు కంప్యూటరుపై ఆడు ఆటలన్నియు కాలహరణమనియే మన యిండ్లలో పెద్దల అభిప్రాయము. ఆ తీర్పు అన్నింటికిని చెల్లదనుటకు ‘ది లాంగ్ డార్క్’ అను ఆట నిదర్శనము. కెనడాలోని హింటర్‌లాండ్ అను చిన్న సంస్థ 2013లో ప్రజలనుండి విరాళములు కూర్చుకొని, 2014లో దీని తొలిరూపమును, 2017లో పూర్తిరూపమును వెలువరించినది.

భూమి అయస్కాంతక్షేత్రము క్షోభించి విద్యుత్తు నిలిచిపోవును. మంచు కప్పిన ఉత్తరారణ్యమున ఆటగాడు ఒంటరి. తోడేళ్లు కలవు గాని శత్రుసేనలు లేవు. చలి, ఆకలి, దాహము, అలసట, ఈ నాలుగింటితోనే ముఖ్యమైన పోరాటము. అగ్గిపుల్లలు సైతము లెక్కించుకొనవలెను. మనుగడ పద్ధతిలో మొదట ఒకమారు మరణించినచో ఆడినదంతయు తుడిచిపెట్టుకొనిపోయెడిది. వర్తకులమైన మాకు ఇందు కనుపించినది జమాఖర్చుల పాఠమే: ఉన్న సరకెంత, అది ఎన్నినాళ్లకు వచ్చును?

ఇది కేవల కల్పన యనరాదు. 1859లో సౌరతుఫాను యూరప్, అమెరికాలలో తంతివార్తలకు అంతరాయము కలిగించినది. 1989 మార్చి 13న అట్టిదే కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున సుమారు 60 లక్షలమందికి 9 గంటలపాటు విద్యుత్తు లేకుండ జేసినది. నేడు మన నీటిపంపు, దుకాణపు లెక్క, బ్యాంకు చెల్లింపు అన్నియు విద్యుత్తుపైనే ఆధారపడియున్నవి.

కావున పెద్దలకు మా మనవి: చూడకయే నిషేధింపకుడు. ఒక సాయంకాలము పిల్లల ప్రక్కన కూర్చుండుడు. పిమ్మట, మూడుదినములు కరెంటు లేకున్న మన యింట నీరెంత, వెలుగెంత, చేతిలో నగదెంత యని వారిచేతనే లెక్క వేయింపుడు. లోటు తేలినచో వెంటనే పూరించుకొనుడు.