అయిదవ టైరును గూర్చి

అక్కరకై దాచుకొనిన వస్తువు అక్కర వచ్చిననాడు పనికిరాకున్నచో, దానిని దాచుకొనినట్లా, దాచుకొననట్లా? ఈ ప్రశ్న నాకు ఒక పంచరు మూలమున కలిగినది.

మన బాటసింగారము విజయవాడకు బోవు రాజమార్గము నానుకొని యున్నది. గడ్డిఅన్నారములోని పండ్లసంత 2021-22 సంవత్సరములలో ఇచ్చటికి మార్పబడిన పిమ్మట, వేసవిలో మామిడికాయల పికప్ బండ్లు రేయనక పగలనక ఈ బాటను వచ్చుచు బోవుచున్నవి. మన పాఠశాల బాలురు కొందఱి తండ్రులు ఆ బండ్లు నడపియే బిడ్డలను చదివించుచున్నారు. కావున ఈ విషయము పాఠశాల పత్రికకు తగనిదని చదువరులు తలంపరని నమ్మెదను.

ఒక వేసవి సాయంకాలమున చౌటుప్పలునుండి అట్టి బండిలో వచ్చుచుంటిని. బండి యజమాని నా శిష్యుని తండ్రి. బండి ఠీవిగా కనబడవలెననియు, గతుకులలో అడుగుభాగము తగులకుండవలెననియు, ఆతడు కంపెనీవారిచ్చిన టైర్లను తీసివేసి వానికంటె పెద్దవి నాలుగు వేయించి యుండెను. అయిదవది, అనగా స్టెప్నీ, మునుపటి చిన్నదియే. దారిలో వెనుకటి ఎడమ టైరు పంచరయ్యెను. ఆతడు చిన్నదానిని బిగించుచుండగా, “రెండును సమానముగా లేవు గదా” యంటిని. “గుండ్రంగుంది గద సారూ, తిరుగుతది” అని నవ్వెను.

తిరిగినమాట నిజమే. కాని కొంతదూరము పోయినపిదప ఒక గేదె అడ్డము రాగా గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చెను. బండి ఎడమప్రక్కకు లాగి, ఊగి, బాట అంచున నిలిచెను. పై ట్రేలు నాలుగు నేలపాలయ్యెను. ఆ ట్రేలమీద త్రాడు పట్టుకొని కూర్చుండినవాడు ఆతని కుమారుడు. బాలునకేమియు కాలేదు, తండ్రి మాత్రము చాలసేపు స్టీరింగు విడువలేకపోయెను. బాలుని పైన కూర్చుండనిచ్చి ముందుసీటులో సుఖముగా కూర్చుండిన నాకును ఆ తప్పులో పాలు కలదు. ఆ టైరు చిన్నదగుటయే గాక చాల పాతది, గాలియు తక్కువ. ఏ లోపము ఎంత కీడు చేసెనో విడదీసి చెప్పలేను. కాని ఆ లోపములన్నియు ఒక్క అలక్ష్యమునుండియే పుట్టినవని మాత్రము చెప్పగలను.

స్టెప్నీ యను పేరు వచ్చిన విధము ఎఱుగదగినది. తొలినాటి మోటారుబండ్లకు అదనపు చక్రముండెడిది కాదు. వేల్సు దేశములోని లనెల్లి పట్టణమున, స్టెప్నీ వీధిలో, డేవిస్ సోదరులు 1904 ప్రాంతమున ఒక అదనపు చక్రమును తయారుచేసి అమ్మసాగిరి. పంచరయిన చక్రమునకే దానిని ప్రక్కగా తగిలించి ఇల్లు చేరుకొనెడివారు. ఆ వీధి పేరు మన మెకానిక్కుల నాలుకపై నేటికిని నిలిచియున్నది. ఇల్లు చేర్చుట దాని పుట్టుకనాటి ధర్మము. సరకుతో ఊళ్లు తిరుగుట కాదు.

ఇక సమానము కాని టైరువలన ఏమగునో మన తరగతిలోని లెక్కతోనే చూతము. ఒక టైరు ప్రక్కన 215/75 ఆర్ 15 అని యున్నదనుకొందము. 215 అనగా వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా ఆ వెడల్పులో నూటికి 75 వంతులు టైరు గోడ యెత్తు. 15 అనగా రిమ్ము వ్యాసము, అంగుళములలో. గోడ యెత్తు 161 మిల్లీమీటర్లు. పైనను క్రిందను రెండుమార్లు కలిపి, 15 అంగుళములకు 381 చేర్చినచో మొత్తము వ్యాసము సుమారు 703 మిల్లీమీటర్లు. అదే విధముగా 235/75 ఆర్ 15 టైరు వ్యాసము సుమారు 733. భేదము 30 మిల్లీమీటర్లే, బొటనవ్రేలి వెడల్పుకంటె కొంచెమెక్కువ. కాని ఒక కిలోమీటరు నడచుటకు చిన్నది సుమారు 452 చుట్లు తిరుగవలెను, పెద్దది 434 చుట్లు. కిలోమీటరునకు 18 చుట్ల భేదము. ఇచ్చటినుండి ఎల్.బి.నగర్ సుమారు 20 కిలోమీటర్లు. అంతవఱకు పోవునప్పటికి భేదము 360 చుట్లు దాటును.

ఈ భేదమును మోయునది వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువదూరము నడువవలెను గనుక, రెండు చక్రములు వేర్వేరు వేగములతో తిరుగుటకు దాని నమర్చిరి. తిన్నని బాటలో దానిలోని చిన్న పండ్లచక్రములు తమ ఇరుసుపై తిరుగక విశ్రమించును. టైర్లు సమానముగా లేనిచో వానికి విశ్రాంతి యుండదు. తిన్నని బాటయు వానికి తుదిలేని మలుపే. బరువుతో వేగముగా పోయినకొలది నూనె కాగును, వాషర్లు అరుగును. నాలుగు చక్రములకును శక్తి పోవు బండ్లలో ఆ యేర్పాటును తగిలించి గట్టి రోడ్డుపై నడపినచో కీడు మరింత యెక్కువ. ముందు ఇరుసును వెనుక ఇరుసును ఒండొంటితో పెనగులాడును.

బ్రేకు సంగతియు నిట్టిదే. ఒకే బలముతో పట్టినను చిన్న చక్రము నేలను ఎక్కువగా వెనుకకు లాగును. బండి ఆ ప్రక్కకు మొగ్గును. ఆ మూల కొంచెము క్రుంగియుండుటచే సరకు బరువును అటే వ్రాలును. ప్రతి చక్రపు వేగమును కొలుచు ఏ.బి.ఎస్. బ్రేకులున్న బండిలో ఈ భేదము ఆ యంత్రమును తప్పుదారి పట్టింపవచ్చును.

“అయిదవ పెద్ద టైరునకు వేలు పోయవలెను, అది సంవత్సరమున కొక్కమారైనను అక్కఱకు రాదు, వచ్చినను బండి క్రింది చట్రములో పట్టదు” అని యజమానులందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. ఇంటి జరుగుబాటు బండిమీదనున్న వానికి ప్రతి రూపాయయు బరువే. అయినను నాకు తోచినది చెప్పెదను. నాలుగు పెద్ద టైర్లకు డబ్బు దొరికి అయిదవదానికి దొరకకపోయినచో, ఆ నాలుగును అవసరములు కావు, ముచ్చట్లు. ముచ్చటకు వ్యయము చేసి క్షేమము దగ్గర పొదుపు చేయుట గృహస్థధర్మము గాదు. అయిదును మార్పవలెను, లేదా ఒకటియు మార్పరాదు. మార్పకుండుటయే మేలని నా యభిప్రాయము. పెద్ద టైర్లవలన వేగము చూపు ముల్లుకూడ అబద్ధమాడును. అది 60 చూపునప్పుడు బండి నిజముగా 62 దాటి పోవుచుండును. నిర్మాత పేర్కొనిన లక్షణములకు భిన్నముగా బండిని మార్పుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారును ఈ నిషేధమునే దృఢపఱచిరి.

ఇప్పటికే పెద్ద టైర్లు వేయించినవారు దారిలో చిక్కుకొనినచో ఏమి చేయవలెను? శక్తి వెనుక చక్రములకు మాత్రమే పోవు బండియై, పంచరు వెనుకనైనచో, ముందు చక్రమునొకటి తీసి వెనుక వేసి, చిన్నదానిని ముందు బిగించుట మంచిది. శ్రమ రెండింతలే గాని డిఫరెన్షియల్ బ్రదుకును. అప్పుడును బ్రేకు వేయునప్పుడు స్టీరింగు ఒకప్రక్కకు లాగునని యెఱిగి మెల్లగా నడపవలెను. మనుష్యులను సరకుపైనుండి దింపవలెను. వీలయినచో సరకునుగూడ మఱియొక బండికి మార్పవలెను. మొదట కనబడిన పంచరు దుకాణముకడ ఆగి, పెద్ద టైరును బాగుచేయించి మరల వేసికొనవలెను. అల్లాయ్ చక్రముల నట్లు ఇనుప చక్రమునకు సరిగా కూర్చుండకపోవచ్చును. కావున దానికి తగిన నట్లను బండిలో ఉంచుకొనవలెను.

బాలబాలికలారా, మీకొక చిన్న పని. ఈ సాయంకాలము మీ యింటి బండి టైర్లను చూడుడు. నాలుగింటిమీదను, స్టెప్నీమీదను ఉన్న అంకెలను పలకమీదనో కాగితముమీదనో వ్రాసికొనుడు. పరిమాణము సమానముగా నున్నదా? దాని ప్రక్కన మోయగల బరువును దెలుపు సంఖ్య యుండును; 100 అనిన 800 కిలోగ్రాములు. అయిదింటను అది బండికి చాలునదియేనా? మఱియొకచోట నాలుగంకెలుండును, 2319 అనిన 2019వ సంవత్సరమున ఇరువదిమూడవ వారమున తయారైనదని యర్థము. వాడకపోయినను రబ్బరునకు వయసు వచ్చును. గాలి యెంతయున్నదో నాయనగారితో చూపించుకొనుడు. లెక్క కుదరనిచో వినయముగా చెప్పుడు.

తలిదండ్రులు పిల్లవాని మాట యని త్రోసివేయకుందురుగాక. ఆనాడు ట్రేలమీద కూర్చుండినవాడు ఇప్పుడు ముందుసీటులో కూర్చుండుచున్నాడు. ఆతని తండ్రి పెద్ద టైర్లను అమ్మివేసి, కంపెనీవారి కొలత టైర్లు అయిదు కొనెను. మొన్న సంతకడ కనబడి, స్టెప్నీని చేతితో తట్టి చూపెను. ఈ మారు గుండ్రముగా నున్నదని మాత్రము అనలేదు. అంకెలు చదివి వినిపించెను.