జాబ్స్ చిత్రం: తీర్పు చెప్పినవారు అడగని ప్రశ్న

యాపిల్ కంప్యూటర్ సంస్థ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ జీవితంపై 2015లో వచ్చిన 'స్టీవ్ జాబ్స్' చిత్రానికి అమెరికా ప్రేక్షకులు ఇచ్చిన తీర్పు విచిత్రమైనది. అక్టోబర్ 9న న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ నగరాలలో కేవలం 4 థియేటర్లలో విడుదల కాగా తొలి వారాంతంలోనే 5 లక్షల డాలర్లకు పైగా వసూలైంది. ఆ ఉత్సాహంతో పంపిణీదారు యూనివర్సల్ సంస్థ అదే నెల 23న దాదాపు 2,500 థియేటర్లకు చిత్రాన్ని విస్తరించింది. ఆ వారాంతపు వసూళ్లు 71 లక్షల డాలర్ల వద్దనే ఆగిపోయాయి. మరి రెండు వారాలకే 2 వేలకు పైగా థియేటర్ల నుంచి దానిని ఉపసంహరించుకోవలసి వచ్చింది. సుమారు 3 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మించిన చిత్రానికి ప్రపంచమంతటా వచ్చిన మొత్తం 3.4 కోట్ల డాలర్లు. థియేటర్ల వాటా, ప్రచార వ్యయం తీసివేస్తే ఇది నష్టమేనని వేరే చెప్పనక్కరలేదు. అయినా అందులో నటించిన మైకేల్ ఫాస్‌బెండర్, కేట్ విన్‌స్లెట్‌లకు ఆస్కార్ నామినేషన్లు దక్కాయి. విన్‌స్లెట్‌కు, రచయిత ఆరన్ సోర్కిన్‌కు గోల్డెన్ గ్లోబ్ పురస్కారాలు కూడా లభించాయి.

రెండేళ్ల కిందట, 2013లో, ఆష్టన్ కుచర్ నటించిన 'జాబ్స్' వచ్చి వెళ్లింది. 2015 సెప్టెంబర్‌లో ఒక డాక్యుమెంటరీ కూడా విడుదలైంది. ఒకే మనిషి కథను ఎన్నిసార్లు చూస్తారన్న విసుగు జనంలో కలిగి ఉండవచ్చు. వసూళ్ల సంగతి అంతటితో వదిలివేయవచ్చు. చర్చించవలసింది చూసినవారి మాట, చూడకుండానే ఖండించినవారి మాట.

ఖండించినవారి ప్రధాన ఆరోపణ, చిత్రంలో చూపినవి జరగలేదన్నది. ఇందులో అసత్యం లేదు. దర్శకుడు డానీ బాయిల్, రచయిత సోర్కిన్ కథ మొత్తాన్ని మూడు ఆవిష్కరణ సభల ముందరి ఘడియలకు కుదించారు. 1984లో మెకింతోష్, 1988లో నెక్స్ట్, 1998లో ఐమాక్. ప్రతి సభకు ముందూ అదే మనుషులు వచ్చి జాబ్స్‌తో తగవుపడతారు. నిజ జీవితంలో ఏ మనిషికీ తగవులు ఇంత వరుసలో రావు. 1985లో జాబ్స్ యాపిల్‌ను వీడడానికి కారకుడైన జాన్ స్కల్లీ 1998లో తెర వెనుకకు వచ్చి పలకరించడం కేవలం కల్పన. గరాజ్‌లో కంప్యూటర్లు కూర్చిన రోజులు కొద్ది క్షణాలు మాత్రమే కనిపిస్తాయి. 2007 నాటి ఐఫోన్ లేదు, 2011 నాటి మరణం లేదు. 1974లో జాబ్స్ మన దేశానికి వచ్చి నైనిటాల్ సమీపాన గల కైంచీ ఆశ్రమానికి వెళ్లిన ఘట్టమూ లేదు. ఆయన వచ్చేనాటికి నీమ్ కరోలీ బాబా కన్నుమూసి కొన్ని నెలలైంది. బాబాను చూడలేకపోయిన ఆ ప్రయాణాన్ని మన పత్రికలు మాత్రం విడవకుండా తలచుకుంటాయి.

అయితే జాబ్స్‌తో కలసి పనిచేసినవారే ఈ విషయంలో ఒక్క మాట మీద లేరు. మెకింతోష్ బృందంలోని ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్, దాదాపు ఏదీ ఈ విధంగా జరగలేదంటూనే, దానివల్ల చిత్రానికి వచ్చిన లోటు పెద్దగా లేదన్నాడు. యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వాజ్నియాక్ పారితోషికం తీసుకుని ఈ చిత్రానికి సలహాదారుగా ఉన్నాడు కనుక ఆయన మాటను కొంత తగ్గించి వినవలసిందే. తెరపై తన పాత్ర పలికిన మాటలు తాను ఎన్నడూ అనలేదని ఒప్పుకుంటూనే ఆయన చిత్రాన్ని మెచ్చుకున్నాడు. 2013 నాటి చిత్రాన్ని ఆయనే విమర్శించాడు. జాబ్స్ సతీమణి ఈ ప్రయత్నాన్ని మొదటినుంచీ వ్యతిరేకించారు. జాబ్స్ తరువాత యాపిల్ అధిపతి అయిన టిమ్ కుక్, చిత్రాన్ని చూడకుండానే ఇటువంటి ప్రయత్నాలను అవకాశవాదమని ఒక టెలివిజన్ కార్యక్రమంలో అన్నారు.

ఇక్కడ కల్పనను, అబద్ధాన్ని వేరు చేసి చూడవలసి ఉంది. తన సభలో యాపిల్ 2 కంప్యూటర్‌ను తయారు చేసినవారిని ఒక్క మాటతోనైనా తలచుకొమ్మని తెరమీది వాజ్నియాక్ పదే పదే అడుగుతాడు, జాబ్స్ నిరాకరిస్తాడు. ఈ సంభాషణ జరగలేదు. ఆ మనస్తాపం మాత్రం జరిగింది. మెకింతోష్‌కు జేజేలు పలుకుతున్న రోజులలో సంస్థ అమ్మకాలలో అధికభాగం 1977 నాటి యాపిల్ 2దే. ఆ విభాగాన్ని చిన్నచూపు చూస్తున్నారన్న అసంతృప్తితోనే 1985లో వాజ్నియాక్ సంస్థకు దూరమయ్యాడు. 1980 డిసెంబర్‌లో వాటాలు మార్కెట్‌కు వచ్చి జాబ్స్ సంపద 20 కోట్ల డాలర్లు దాటినప్పుడు, తొలినాటి ఉద్యోగులు కొందరికి ఏమీ దక్కలేదు. జాబ్స్‌తో పాటు భారతదేశం తిరిగిన స్నేహితుడు డేనియల్ కాట్కే వారిలో ఒకడు. తన సొంత వాటాల నుంచి అటువంటివారికి పంచి ఇచ్చినవాడు వాజ్నియాక్. ఈ లెక్క తెలిసిన ప్రేక్షకుడికి తెరమీది తగవు కల్పితమని తోచదు.

కూతురు లీసా విషయమూ అంతే. 1978లో పుట్టిన ఆ బిడ్డకు తండ్రినని జాబ్స్ చాలాకాలం అంగీకరించలేదు. వైద్య పరీక్ష ఆయనే తండ్రి అని దాదాపుగా తేల్చిన తరువాత కూడా, దేశంలోని పురుషులలో 28 శాతం మందికి ఆ అవకాశం ఉందని ఒక పత్రికతో వాదించాడు. ఇది సోర్కిన్ ఊహ కాదు, అచ్చయిన మాట. తన కంప్యూటర్‌కు అదే పేరు పెట్టి, ఆ పేరు బిడ్డది కాదని ఏళ్ల తరబడి బుకాయించడమూ నిజమే.

ఇవన్నీ చూసిన తరువాత సామాన్య ప్రేక్షకులు రెండు విధాలుగా మాట్లాడారు. ఇంత కఠినుడి కథ మాకెందుకన్నది ఒకటి. ఇది చిత్రంపై ఫిర్యాదు కాదు, అందులోని మనిషిపై ఫిర్యాదు. అలా అన్నవారే చిత్రాన్ని సరిగా చూశారని నా అభిప్రాయం. అంతటి వస్తువులు చేసినవాడు ఆమాత్రం కఠినంగా ఉండకుంటే ఎలా అన్నది రెండవది. ఆందోళన కలిగించేది ఈ రెండవ మాటే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో కింది ఉద్యోగిపై కేకలు వేసే అధికారిని సమర్థించడానికి జాబ్స్ పేరు చెప్పడం ఒక అలవాటుగా మారింది. కేకల వల్లనే మెకింతోష్ పుట్టిందనడానికి ఆధారమేమిటో ఎవరూ చూపరు. ఆ సంస్థను ఏళ్ల తరబడి పోషించిన యాపిల్ 2 రూపకర్త నెమ్మదస్తుడన్న సంగతి ఈ వాదనలో ఎక్కడా వినిపించదు.

పారిశ్రామికవేత్తల కథలపై మన ప్రేక్షకుల ధోరణి మరొక రకం. కెప్టెన్ గోపీనాథ్ చౌక విమాన సర్వీసుల కథ ఆధారంగా తమిళంలో తీసి, 2020 నవంబర్‌లో 'ఆకాశం నీ హద్దురా' పేరిట తెలుగులోనూ విడుదల చేసిన చిత్రాన్ని మనవారు ఎంతో ఆదరించారు. కర్ణాటకకు చెందిన మాజీ సైనికాధికారి అందులో తమిళ గ్రామం నుంచి వచ్చిన వైమానిక దళ ఉద్యోగిగా మారిపోయాడు. చాలా కల్పించారు, సారం మాత్రం పట్టుకున్నారని గోపీనాథ్ స్వయంగా మెచ్చుకున్నారు. జరగనిది చూపారని మనవాళ్లు గొడవ చేయలేదు, అది మంచిదే. కాని కథను విమానం ఎగిరిన చోటనే ఆపివేశారని కూడా ఎవరూ అడగలేదు. 2003లో హైదరాబాద్-విజయవాడ ప్రారంభ సర్వీసు ఇంజనులో మంటలు రేగిన సంగతి మన పాఠకులలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. 2007లో ఆ సంస్థలో విజయ్ మాల్యా యూబీ గ్రూపు వాటా కొన్నది. దక్కన్ పేరు కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. 2012లో కింగ్‌ఫిషర్ విమానాలే నేలకు దిగిపోయాయి. వ్యాపార కథలో ఆసక్తికరమైన సగం ఇదే. అది కావాలన్న ప్రేక్షకుడు ఉంటేనే నిర్మాత దానిని తీస్తాడు.

జాబ్స్ చిత్రం విషయంలో వాస్తవమే కావాలని పట్టుబట్టినవారికి 2018లో ఒక అవకాశం వచ్చింది. కూతురు లీసా బ్రెన్నన్-జాబ్స్ తన బాల్యాన్ని తానే పుస్తకంగా రాసింది. అందులో సోర్కిన్ సంభాషణలు లేవు, ముగ్గురు నలుగురు మనుషులు ఒకే గదిలోకి వచ్చి పడే నాటకీయత లేదు. ఆ పుస్తకం వెలువడినప్పుడు జాబ్స్ కుటుంబం ఒక ప్రకటన చేసింది. ఆనాటి విషయాలు తమకు గుర్తున్నది వేరని అందులో పేర్కొన్నది.