భయమంతా దెయ్యంలో లేదు



హారర్ సినిమాలు యువకుల మనసు పాడుచేస్తాయని, వాటి మీద చర్చలే దండగని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. నెత్తురు, కేకలు తప్ప ఏమీ లేని సినిమాల మీద ఆయన కోపం న్యాయమే. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

2018లో వచ్చిన 'తుంబాడ్' చూడండి. అందులో కథానాయకుడు వినాయక్ పిండిబొమ్మను ఎరగా వేసి, హస్తర్ అనే భూతం గోచీలోంచి బంగారు నాణేలు కాజేస్తాడు. ఆ విద్యే కన్నకొడుక్కీ నేర్పుతాడు. చివరికి గోచీ మొత్తం లాగేద్దామన్న ఆలోచన ఆ పసివాడిదే. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే, హస్తర్‌ను చూసి కాదు.

ఈ సినిమా మీద మా మిత్రుల మధ్య పెద్ద వాదనే నడిచింది. మా వజ్రకరూరులో ఆశ గురించిన వాదన నడవక తప్పదు కూడా. తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వజ్రాల కోసం మా చేన్లలోకి దిగుతారు. నడుము వంచి, తడిమట్టిలో మెరిసిన ప్రతి రాయినీ ఏరి, కొంగుతో తుడిచి, ఎండకు పెట్టి చూస్తారు. కరువు సీమలో ఆ ఆశను తప్పుపట్టలేం. కానీ గుప్తనిధులంటూ పాత గుళ్లు తవ్వేవాళ్లదీ ఆశేనా, దురాశా? దురాశకు పేదరికమే కారణమని మిత్రుల్లో ఒకడన్నాడు. మరి వినాయక్ కడుపు నిండాక కూడా ఎందుకు ఆగలేదని ఇంకొకడు నిలదీశాడు. నేను రెండోవాడి పక్షం.

చిన్నపిల్లలకు ఇలాంటి సినిమాలు చూపించొద్దు, సరే. ఎదిగిన బిడ్డలు చూస్తే మాత్రం కసరకండి. పక్కన కూర్చుని ఏమి భయపెట్టిందో అడగండి.

– ఒక పాఠకుడు, వజ్రకరూరు, అనంతపురం జిల్లా